సున్న వేఱు, లేమి వేఱు

అమీర్‌పేటలోని శిక్షణాలయములలో నొకదానియందు సి షార్ప్ భాషను నేర్చికొని, ఏదో యొక సంస్థలో ప్రోగ్రామరుగా కుదురుకొని, తొలి సంవత్సరము గడవకముందే ఒక పాఠశాలవారి పరీక్షాఫలితముల ప్రోగ్రామును సరిదిద్దు పని మీపై పడినదనుకొనుడు. విద్యార్థి అను క్లాసులో మార్కుల కొఱకు ఇంట్ రకపు గడి యొకటి యున్నది. ఒక బాలునకు 80, వేఱొకనికి 70 వచ్చినవి. మూడవ బాలిక జ్వరముచే పరీక్షకే రాలేదు. ఆమె గడిలో మీరేమి వ్రాయుదురు? సున్న వ్రాసితిరా, 75 కావలసిన సగటు 50కి దిగజాఱును. అంతేగాక పరీక్షయే వ్రాయని తమ బిడ్డకు సున్న మార్కులెట్లు వచ్చినవని తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుని నిలదీయుదురు. పోనీ, -1 వ్రాయుదురా? సగటు 49.67 అగును, అదియైనను ఎవరో యొకరు గమనింతురేమో గాని, తక్కిన విషయములలో ఆ బాలిక తెచ్చుకొన్న మార్కుల మొత్తములో ఒక్క మార్కు తగ్గిన సంగతిని పట్టుకొనగలవారెవరు? నమ్మదగినట్లు కనబడు తప్పును మించిన తప్పు లేదు.

ఈ అధ్యాయము అట్టి గడి యెదుట సంశయించుచున్న మీ కొఱకే. రకముల సిద్ధాంతమును ఇచట విస్తరింపను. దానిని కంఠస్థము చేసినవారు కూడ ఆ గడిలో సున్న వ్రాసి నిశ్చింతగా ఇంటికి పోవుట కలదు గనుక, మనకు కావలసినది సిద్ధాంతము కంటె అభ్యాసము.

మూలకారణ మింతే. ఇంట్, డెసిమల్, బూల్, డేట్‌టైమ్ మొదలగునవి విలువ రకములు. వానిలో ఎల్లప్పుడును ఏదో యొక విలువ ఉండి తీఱవలెను. క్లాసులోని గడిలో మీరు వ్రాయకున్నచో యంత్రమే వ్రాయును: ఇంట్‌కు సున్న, బూల్‌కు అసత్యము, డేట్‌టైమ్‌కు క్రీస్తుశకము 1వ సంవత్సరము జనవరి 1వ తేది అర్ధరాత్రి. ఈ చివరి తేదిని ఎస్‌క్యూఎల్ సర్వరులోని పాత డేట్‌టైమ్ నిలువు వరుసకు పంపి చూడుడు. అది 1753 జనవరి 1వ తేదికి పూర్వపు కాలమును ఎఱుగదు, కావున వెంటనే తిరస్కరించును. (ఇంగ్లండు 1752లో గ్రిగోరియన్ పంచాంగమునకు మాఱినందున, ఆ గందరగోళము దాటిన మఱుసటి సంవత్సరము నుండియే దానిని రూపొందించినవారు లెక్క మొదలిడిరి.) తేదుల విషయమున ఇట్లు పొరపాటు బయటపడుట మన యదృష్టము. సున్నకు అట్టి అడ్డంకి లేదు. అది ఏ డేటాబేసులోనికైనను తలవంచుకొని చక్కగా ప్రవేశించును.

2002లో వెలువడిన తొలి సి షార్ప్‌లో దీనికి మందు లేదు. -1, 9999 వంటి దొంగ విలువలను వ్రాయువారు కొందఱు. విలువ ఉన్నదో లేదో చెప్పుటకై ప్రక్కనే ఒక బూల్ గడిని పెట్టుకొని, ఒకదానిని మార్చినపుడెల్ల రెండవదానిని మార్చుట మఱచువారు కొందఱు. 2005లో భాష యొక్క రెండవ కూర్పుతో, జెనరిక్స్‌తో పాటు, నల్లబుల్ విలువ రకములు ప్రవేశించినవి. ఇంట్ అను పేరు చివర ప్రశ్నార్థకము చేర్చి ఇంట్? అని వ్రాసినంతనే ఆ రెండు గడులును భాషయే జతకట్టి ఇచ్చును: విలువ కలదా లేదా అని తెలుపు గుఱుతు హ్యాజ్‌వాల్యూ, కలిగినచో ఆ విలువ వాల్యూ. ఇంట్ 4 బైట్లు పట్టునట్టిది, ఇంట్? 8 బైట్లు పట్టును. గుఱుతుకు ఒక్క బైటు చాలును గాని తక్కిన మూడును సర్దుబాటులో వ్యర్థమగును. కోట్ల కొలది గడుల జాబితాలు కట్టువారు తప్ప తక్కినవారు దీనికై చింతిల్ల నక్కఱలేదు.

విలువ లేమికి భాష పెట్టిన పేరు నల్. ఆ పేరు వినినంతనే కొందఱు పెద్దలు బెదరుదురు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కొఱకు నల్ సూచికను కల్పించిన టోనీ హోర్, 2009లో లండనులోని ఒక సభయందు దానిని తన శతకోటి డాలర్ల తప్పిదముగా తానే చెప్పుకొనెను. ఆయన విచారము న్యాయమైనదే. కాని ఆ తప్పిదమునకును మన విషయమునకును పెద్ద భేదము కలదు. సూచికలలో నల్ పిలువని పేరంటముగా ప్రతి చోటికిని వచ్చెను. విలువ రకములలో మీరు ప్రశ్నార్థకము వ్రాసి పిలిచిన చోటికి మాత్రమే వచ్చును. పిలుచుట మీ చేతిలో నున్నది గనుక, ఎవరిని ఎచటికి పిలువవలయునో మొదట నేర్చుకొందము.

1. ప్రశ్నార్థకమును చేర్చుటకు ముందు మీరే యొక ప్రశ్న వేసికొనుడు.

ఈ విలువ లేకుండుటకు లోకమున నిజముగా అవకాశము కలదా, కలిగినచో ఏ కారణమున? తరగతిలోని విద్యార్థుల సంఖ్య ఎన్నడును లేకుండ పోదు. ఎవ్వరును లేనినాడు అది సున్న. ప్రవేశ సంఖ్య లేని విద్యార్థి బడిలో చేరనే లేదు. ఇట్టివానికి ప్రశ్నార్థకము తగిలించుట జాగ్రత్త కాదు, ఆలోచించుటకు బద్ధకము. అట్లుగాక, ఒక మండలములోని వర్షమాపకమున నిన్న 0 మిల్లీమీటర్లు నమోదైనదనుట ఒక వార్త, నిన్న దానిని ఎవరును పోయి చూడలేదనుట మఱియొక వార్త; మొదటిదానిని బట్టి వాన కుఱియలేదని నిశ్చయింపవచ్చును, రెండవదానిని బట్టి దేనిని నిశ్చయించినను సాహసమే. ఉద్యోగి సంస్థను వీడిన తేదిని తీసికొనుడు: ఇంకను పనిచేయుచున్న వానికి ఆ తేది రాలేదు. సంతానమే లేనివారికి జ్యేష్ఠ సంతానము యొక్క వయస్సు అను గడి వర్తింపనే వర్తింపదు.

తెలియకపోవుట, ఇంకను సంభవింపకపోవుట, వర్తింపకపోవుట అను మూడు వేర్వేఱు స్థితులకును నల్ ఒక్కటే ముఖము చూపును. అది కారణమును చెప్పదు. 1970లో రిలేషనల్ డేటాబేసులకు పునాది వేసిన ఎడ్గర్ కాడ్ సైతము ఈ చిక్కును గుర్తించి, వర్తించును గాని తెలియరాలేదనుటకు ఒక గుఱుతును, అసలు వర్తింపదనుటకు వేఱొక గుఱుతును ఉండవలెనని 1990 నాటి తన గ్రంథమున వాదించెను. వాడుకలో ఆ వాదము నిలువలేదు. కావున మీ పనికి కారణము అవసరమైనచో దానిని నల్‌పై మోపకుడు. గైర్హాజరు, ఫలితము నిలిపివేత, మినహాయింపు అను పేర్లతో ఒక ఈనమ్ కట్టి మార్కుల ప్రక్కనే యుంచుడు. ఆ బాలిక మెమోపై ఏమి ముద్రింపవలెనో ఈనమ్ చెప్పును. సగటులో ఆమెను చేర్పవలదని నల్ చెప్పును.

2. ఎఱ్ఱగీతను మాయము చేయుటకై వాల్యూ అని వ్రాయకుడు.

ఇంట్ ఉండవలసిన చోట ఇంట్? ఉన్నదని కంపైలరు మొఱపెట్టగనే, క్రొత్తవారు చుక్క పెట్టి వాల్యూ అని చేర్చుదురు; గీత పోవును, మనస్సు కుదుటపడును. కాని ఆ గీత మిమ్ము అడిగినదేమి? విలువ లేనినాడు ఏమి చేయుదువని గదా! దానికి ఉత్తర మీయక నోరు మాత్రము నొక్కితిరి. ఆ ప్రశ్న మరల ఎప్పుడు లేచును? ఫలితములు వెలువడు ఉదయమున, గైర్హాజరైన మొదటి విద్యార్థి యొద్ద, ఇన్‌వాలిడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ అను రూపమున లేచును. ఏ గడి యందో, ఏ విద్యార్థి యొద్దనో ఆ సందేశము చెప్పదు గనుక వెదకుకొను భారమును మీదే.

2017లో వచ్చిన ఏడవ కూర్పు నుండి ఇంతకంటె సుఖమైన త్రోవ కలదు. ఇఫ్ (మార్కులు ఈజ్ ఇంట్ ఎమ్) అని వ్రాసినచో, విలువ కలదా యని పరీక్షించుటయు, కలిగినచో ఎమ్ అను పేరున దానిని వెలికి తీయుటయు ఒక్క అడుగులో ముగియును. లోపలి వాక్యములలో ఎమ్ శుద్ధమైన ఇంట్, దానికి లేమి యను బెంగ లేదు. ఎల్స్ భాగమును మాత్రము ఖాళీగా విడువకుడు. అచటనే గదా గైర్హాజరైనవారి గతి నిర్ణయింపబడునది!

వాల్యూ అను మాటనే బహిష్కరింపుమని నేననను. విలువ లేకుండుట అసంభవమని మీరు ముందే నిరూపించుకొన్న చోట, ఒకవేళ అసంభవమే సంభవించినచో ప్రోగ్రాము నిలిచిపోవుటయే మేలైన చోట, అది యుక్తమైన మాటయే. గెట్‌వాల్యూఆర్‌డిఫాల్ట్ అనుదానిని మాత్రము ఇంకను అనుమానముతో చూడుడు. దానికి ప్రత్యామ్నాయమును మీరీయకున్నచో అది మాటాడక సున్న నిచ్చును, మనము బయలుదేఱిన చోటికే మనలను చేర్చును.

3. జంట ప్రశ్నార్థకమును కుండలీకరణములు లేకుండ వాడకుడు.

ఎడమవైపు విలువ లేనిచో కుడివైపుదానిని గైకొనుమని చెప్పునది ?? అను గుఱుతు. ఇది నల్లబుల్ రకములతో పాటే 2005లో వచ్చిన యుపకారి. అయినను కుడివైపున మీరు వ్రాయునది సత్యమా అని ప్రతి సారియు విచారింపవలెను. బిల్లులో తగ్గింపు నమోదు కాలేదన్న, తగ్గింపు సున్న యనుట సత్యమే. మార్కులు నమోదు కాలేదన్న, మార్కులు సున్న యనుట అబద్ధమే. గుఱుతు రెంటికిని ఒక్కటే; తేడా లోకములో నున్నది, భాషలో లేదు.

ఇక దీనిలోని మఱొక గుంటను చూపెదను; ఎందఱో అనుభవజ్ఞులు కూడ దీనిలో కాలు పెట్టుదురు. థియరీ మార్కులను, ప్రాక్టికల్ మార్కులను కలుపుటకు ఒక ప్రోగ్రామరు ఇట్లు వ్రాసెననుకొనుడు: థియరీ ?? 0 + ప్రాక్టికల్ ?? 0. చూపునకు ఎంత నిర్దోషముగా నున్నది! కాని కూడిక గుఱుతు ?? కంటె గట్టిగా అంటుకొనును గనుక, కంపైలరు దీనిని థియరీ ?? (0 + ప్రాక్టికల్) ?? 0 అని చదువును. అనగా థియరీ మార్కులు ఉన్నచో అవియే మొత్తము, ప్రాక్టికల్ మార్కుల ఊసే లేదు. థియరీలో 52, ప్రాక్టికల్‌లో 18 తెచ్చుకొన్నవానికి 70 రావలసినది 52 వచ్చును.

దీనిలోని విశేషము వినుడు. ఆ ప్రోగ్రామరు బుద్ధిమంతుడై, నల్ విషయమున తాను జాగ్రత్తపడితినా లేదా యని పరీక్షించెననుకొందము. థియరీని నల్ చేసి, ప్రాక్టికల్‌ను 18గా ఉంచెను: 18 వచ్చినది, సరియే. ప్రాక్టికల్‌ను నల్ చేసి, థియరీని 52గా ఉంచెను: 52 వచ్చినది, సరియే. రెంటిని నల్ చేసెను: 0 వచ్చినది, అతడు కోరినదే. మూడు పరీక్షలును నెగ్గినవి. రెండును ఉన్న సామాన్య విద్యార్థి యొద్ద మాత్రమే లెక్క తప్పును, అతడు ఆ ఒక్కనినే పరీక్షింపలేదు. కావున (థియరీ ?? 0) + (ప్రాక్టికల్ ?? 0) అని వ్రాయుడు, పరీక్షించునపుడు లేమిని మాత్రమే గాక కలిమిని గూడ పరీక్షింపుడు.

4. పోలిక చేయునపుడు ఎల్స్ ఎవరి పాలగునో చూచుకొనుడు.

ఉత్తీర్ణతకు 35 మార్కులనుకొందము. ఒకడు ఇట్లు వ్రాసెను: మార్కులు 35 లేక అంతకు మించినచో ఉత్తీర్ణుడు, కానిచో అనుత్తీర్ణుడు. వేఱొకడు దానినే తిరుగవేసి వ్రాసెను: మార్కులు 35 కంటె తక్కువైనచో అనుత్తీర్ణుడు, కానిచో ఉత్తీర్ణుడు. ఇంట్‌తో ఈ రెండును ఒక్కటియే, ఎవరిని తప్పుపట్టుటకును వీలులేదు. గడి ఇంట్?గా మాఱిన నాడో? నల్‌ను దేనితో పోల్చినను, తక్కువయని గాని, ఎక్కువయని గాని, తక్కువ లేక సమానమని గాని, ఎక్కువ లేక సమానమని గాని, నాలుగు ప్రశ్నలకును అసత్యమనియే ఉత్తరము వచ్చును. కావున మొదటివాని ప్రోగ్రాములో జ్వరముతో ఇంటనున్న బాలిక తప్పును; రెండవవాని ప్రోగ్రాములో పరీక్ష వ్రాయకయే ఉత్తీర్ణురాలగును!

రెండును తప్పే యైనను, మొదటి తప్పునకు ఫిర్యాదు వచ్చును, రెండవదానికి రాదు. అందుచే రెండవదే ప్రమాదకరము. పోలికకు ముందే నల్‌ను విడదీసి, గైర్హాజరు, ఉత్తీర్ణత, అనుత్తీర్ణత అను మూడు శాఖలను మూడు శాఖలుగానే వ్రాయుటకు ఎంత శ్రమ?

సమానత్వపు నడక వేఱు. నల్ నల్‌తో సమానమా యనిన సి షార్ప్ ఔననును. నల్ 35 కంటె భిన్నమా యనినను ఔననును. వరుసలో పేర్చునపుడు నడక మఱియును వేఱు: ఆర్డర్‌బై పద్ధతి నల్‌లను అన్ని సంఖ్యల కంటె ముందు కూర్చుండబెట్టును. తక్కువయా యని అడిగినపుడు కాదన్న నల్, వరుసలో మాత్రము అందఱి కంటె తక్కువై నిలుచును. ఇది అసంగతము కాదా యని మీరడుగవచ్చును. అసంగతమే, కాని వరుస అన్నది ప్రతివానికి ఏదో యొక స్థానమీయక తప్పని వ్యవహారము గనుక ఆ పద్ధతిని కట్టినవారు అట్లు నిర్ణయించిరి. మనము గుర్తుంచుకొనవలసినది, అతి తక్కువ మార్కులవాని పేరు కొఱకు ఆరోహణ క్రమమున మొదటివానిని తీసికొన్నచో గైర్హాజరైనవాడు చేతికి వచ్చుననునది.

5. కూడిక గుఱుతు ఒక తీరు, సమ్ పద్ధతి మఱొక తీరు.

నల్‌తో ఏ సంఖ్యను కూడినను, గుణించినను ఫలము నల్. ఐదు విషయముల మార్కులను కూడిక గుఱుతుతో కలిపినచో, ఒక్కదానికి లేమి యున్నను మొత్తము లేమియే. కాని అవే మార్కులను జాబితాలో నుంచి సమ్ అని పిలిచినచో, అది నల్‌లను దాటవేసి తక్కినవానిని కూడును. అన్నియు నల్‌లే యైనచో సున్న యనును. యావరేజ్ సైతము నల్‌లను లెక్కలోనికి తీసికొనదు గనుక, మన ముగ్గురు విద్యార్థుల సగటు తడుముకొనక 75 అని వచ్చును. విలువ యొక్కటియు లేనపుడు అది నల్ నిచ్చును. ప్రశ్నార్థకము లేని ఇంట్‌ల ఖాళీ జాబితాపై అదే యావరేజ్‌ను పిలిచినచో ఎక్సెప్షన్ విసరును.

వీనిలో ఏది మంచిది? మొత్తము సంపూర్ణముగా తెలిసిననే తప్ప చెప్పరాదను చోట, ఉదాహరణకు మెమోపై ముద్రించు మొత్తమునకు, కూడిక గుఱుతు న్యాయమైనది. ఉన్నంతలో లెక్క చూచుకొను చోట సమ్ న్యాయమైనది. కాని అట్టి మొత్తము ప్రక్కన ఎన్ని విలువలను కూడితిమో ఆ సంఖ్యను గూడ ముద్రింపుడు. ముప్పది దినములలో పదునెనిమిది దినములే చూచిన వర్షమాపకపు నెలసరి మొత్తమును, ఆ మాట చెప్పక ప్రకటించుట చదువరిని వంచించుటయే.

6. మౌనమును అంగీకారముగా లెక్కింపకుడు.

బూల్? అనునది ఔను, కాదు, చెప్పలేదు అను మూడింటిని మోయును. సమ్మతి పత్రములో గడి నింపనివాని యుత్తరము మూడవది. ఇఫ్ (సమ్మతి) అని వ్రాయుటకు కంపైలరు ఒప్పుకొనదు. అందుపై తొందరలో కొందఱు సమ్మతి ఫాల్స్‌తో సమానము కానిచో అని వ్రాసి, నోరు విప్పనివారినందఱిని సమ్మతించినవారిలో కలిపివేయుదురు. సమ్మతి ట్రూతో సమానమైనచో అని వ్రాయుడు. తర్కములో ఒంటి గుఱుతులు & మరియు | మాత్రమే బూల్?తో పనిచేయును, జంట గుఱుతులు పనిచేయవు. సత్యము లేక తెలియనిది అనిన సత్యము, అసత్యము మరియు తెలియనిది అనిన అసత్యము, తక్కిన కలయికలలో తెలియనిది కలిసినచో తెలియనిదే.

7. ద్వారము వద్దనే నిర్ణయము చేయుడు.

ఇంతవఱకు చెప్పిన చిక్కులలో సగము, నల్‌ను ప్రోగ్రాము నడిబొడ్డుదాక తిరుగనిచ్చుట వలన పుట్టినవే. ఫారము నుండియో, డేటాబేసు నుండియో, వేఱొక సర్వీసు నుండియో సమాచారము ప్రవేశించు చోటనే, ఈ లేమిని నిరాకరింతునా, తగిన విలువతో నింపుదునా, లేమిగానే లోపలికి తీసికొందునా యని తేల్చుకొన్నచో, లోపలి పద్ధతులలో చాలవఱకు ప్రశ్నార్థకము లేని ఇంట్‌లతోనే నిర్భయముగా పనిచేయును.

ఫారముల విషయమున ఒక తఱచగు భ్రమ కలదు. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో ఇంట్ గడిపై రిక్వైర్డ్ అని వ్రాసి, ఇక ఎవరును దానిని నింపక తప్పించుకొనలేరని నిశ్చింతగా నుందురు. పంపిన జేసన్‌లో ఆ గడియే లేకపోయినచో ఏమగును? గడిలో యంత్రము వ్రాసిన సున్న యున్నది, సున్న ఒక విలువ గనుక రిక్వైర్డ్ తృప్తి చెందును. విరుద్ధముగా తోచినను, తప్పనిసరిగా నింపవలసిన గడినే ఇంట్?గా ప్రకటించి దానిపై రిక్వైర్డ్ వ్రాయవలెను. అపుడు మాత్రమే నింపకపోవుటకును సున్న నింపుటకును గల భేదము దానికి కనబడును.

డేటాబేసు ద్వారమున భాషయే మాఱును. ఎస్‌క్యూఎల్‌లో నల్ నల్‌తో సమానమా యనిన ఔనని గాని కాదని గాని రాదు, తెలియదని వచ్చును. అందుచే సమానపు గుఱుతుతో వెదకినచో ఒక్క అడ్డు వరుసయు చిక్కదు, ఈజ్ నల్ అనియే అడుగవలెను. మార్కులు 35 కానివారిని చూపుమనిన, సి షార్ప్ గైర్హాజరైనవారిని గూడ చూపును, ఎస్‌క్యూఎల్ వారిని విడిచిపెట్టును. ఒకే నివేదికను ఒకసారి డేటాబేసులోను, మఱొకసారి ప్రోగ్రాములోను వడకట్టి, రెండు లెక్కలేల కలియవని రాత్రంతయు మేలుకొనుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు. పారామీటరుగా నల్ పంపవలసి వచ్చినపుడు సి షార్ప్ నల్ చెల్లదు. డీబీనల్ డాట్ వాల్యూ అను ప్రత్యేక వస్తువును పంపవలెను, లేనిచో ఆ పారామీటరే అందలేదని సర్వరు ఫిర్యాదు చేయును.

8. కొన్ని చిల్లర విషయములు.

విలువ లేని ఇంట్?పై టుస్ట్రింగ్ పిలిచిన ఖాళీ స్ట్రింగ్ వచ్చును, ప్రమాదము లేదు. గెట్‌టైప్ పిలిచినచో నల్‌రిఫరెన్స్‌ఎక్సెప్షన్ వచ్చును. విలువ ఉన్నచో గెట్‌టైప్ ఇంట్ అని చెప్పును గాని ఇంట్? అని చెప్పదు. ఏలయనగా ఆబ్జెక్ట్‌గా మాఱునపుడు నల్లబుల్ తన పై తొడుగును విడిచి, లోపలి ఇంట్‌గానో, ఉత్త నల్‌గానో మాఱును; 2005 విడుదలకు కొన్ని నెలల ముందు మాత్రమే భాషను కట్టినవారు ఈ యేర్పాటును చేసిరి, చేసినందుకు వారికి మనము ఋణపడియున్నాము. ఇంట్?? అని రెండు ప్రశ్నార్థకములతో రకమును వ్రాయుటకు వీలులేదు. హాజరైనచో మార్కు, లేనిచో నల్ అని ఒకే వాక్యమున వ్రాయుట 2020 నాటి తొమ్మిదవ కూర్పునకు ముందు కంపైలరుకు రుచింపదు. పాత కూర్పులో నున్నవారు నల్ ముందు కుండలీకరణములలో ఇంట్? అని వ్రాయుదురు గాక.

2019 నుండి స్ట్రింగ్? అని కూడ వ్రాయవచ్చును. గుఱుతు ఒక్కటే యైనను జాతి వేఱు. ఇంట్? నిజముగా వేఱొక రకము, స్ట్రింగ్? అనునది కంపైలరు హెచ్చరికల కొఱకు వ్రాసికొన్న గుఱుతు మాత్రమే, నడచునపుడు దానికిని స్ట్రింగ్‌కును భేదము లేదు. దానిపై హ్యాజ్‌వాల్యూ వెదకుకొనకుడు.

9. పాత ప్రోగ్రామును మార్చునపుడు క్రమము తప్పకుడు.

-1లతోను, సున్నలతోను నిండిన పాత పట్టిక మీకు సంక్రమించినదా? అధైర్యపడ నక్కఱలేదు, కాని తొందరపడినను పని చెడును. మొదట లెక్కింపుడు: -1లు ఎన్ని, సున్నలు ఎన్ని, 1వ సంవత్సరపు తేదులు ఎన్ని? -1లు నిశ్చయముగా లేమియే. సున్నలలో కొన్ని నిజమైన సున్నలు, కొన్ని దొంగ సున్నలు. వానిని వేఱు చేయుట మీ వలన గాని నా వలన గాని కాదు, హాజరుపట్టీ చూచిన ఉపాధ్యాయుని వలననే యగును. ఆయన చెప్పలేని సున్నలను ముట్టకుడు.

తరువాత డేటాబేసులోని మార్కుల నిలువు వరుసకు నల్‌ను అనుమతింపుడు. దీనివలన పాత ప్రోగ్రామునకు హాని లేదు. పిమ్మట క్లాసులో ఇంట్‌ను ఇంట్?గా మార్చుడు. కంపైలరు వెంటనే ఎఱ్ఱగీతల పట్టిక నొకదానిని మీ ముందుంచును. భయపడకుడు, అది మీకు ఉచితముగా లభించిన పనుల జాబితా. ఒక్కొక్కదాని యొద్ద ఆగి, ఇచట లేమి వచ్చినచో దాటవేయుదునా, నింపుదునా, ఆపివేయుదునా యని ఉత్తరమిచ్చి ముందుకు సాగుడు. కాని ఆ పట్టిక సంపూర్ణమని మాత్రము నమ్మకుడు! తక్కువ, ఎక్కువ పోలికలు ఇంట్?తో గూడ నిర్దోషముగా కంపైలగును గనుక, నాలుగవ సూచనలో చెప్పిన ప్రమాదముపై ఎఱ్ఱగీత పడదు. మార్కులను దేనితోనైనను పోల్చిన ప్రతి వాక్యమును మీరే వెదకి, ఆ ఎల్స్ శాఖను చదువవలెను.

క్రొత్త ప్రోగ్రాము సర్వరుపైకి చేరిన తరువాతనే, అంతకు ముందెన్నడును కాదు, -1లను నల్‌గా మార్చుడు. క్రమము తలక్రిందులైనచో, ఇంట్ కొఱకు చేయిచాచిన పాత ప్రోగ్రాము నల్‌ను చదువజాలక పడిపోవును. ఇంకొక సంగతి: ఆ నిలువు వరుసపై, ఏమియు వ్రాయనిచో 0 వ్రాయుమను డిఫాల్ట్ నియమము పూర్వులెవరో పెట్టియుండవచ్చును. మార్కుల నిలువు వరుస పేరెత్తని ప్రతి ఇన్సర్ట్‌కును అది నిశ్శబ్దముగా సున్నను నింపుచు, మీరొకవైపు తుడుచుచుండగా మఱొకవైపు దొంగ సున్నలను కుమ్మరించుచుండును. కావున పట్టిక నిర్వచనమును తెఱచి, ఆ నియమమున్నచో, క్రొత్త ప్రోగ్రాము చేరిన పిమ్మట, -1లను ముట్టుటకు ముందే దానిని తొలగింపుడు.